రాయి కింద బొగ్గు

మొన్న ఎండల్లో ఓ పొద్దున, ఇంకా కాఫీ కూడా గొంతు దిగలేదు, ఊళ్లోంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అప్పా, మన పొలాల మీద ఏటో ఎగురుతన్నాది, నువ్వు బేగి రా," అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. ఏమిట్రా అంటే డ్రోనట. ఊళ్లో భూములన్నీ కొత్తగా కొలుస్తున్నారట, పాత రాళ్లు తీసి నున్నటి కొత్త రాళ్లు పాతుతారట, రేపు మన గెడ్డ వైపట. ప్రభుత్వం వాళ్లు కొలుచుకుంటుంటే మధ్యలో నేనొచ్చి చేసేదేముందిరా అన్నాను. వాడు గొంతు తగ్గించి, "ఆలు కూడా వస్తన్నారు," అన్నాడు. ఆలు అంటే వాళ్లు, గెడ్డకి, అదే మా ఊరి వాగుకి, అవతలి ఊరివాళ్లు. మా ఇంట్లో ఆ మాటకి ఇంకే పేరూ తగిలించక్కర్లేదు, పసిపిల్లలకి కూడా తెలుసు. మర్నాడు తెల్లారేసరికి నేను అరసవల్లిలో ఇంటికి తాళం వేసి, వేసిన తాళాన్ని మళ్లీ ఒకసారి లాగి చూసి, ఆటో ఎక్కాను.

తాళం లాగి చూస్తానని మా కోడలు నవ్వుతుంది. అత్తగారికి అనుమానం జబ్బు అంటుంది. ఉంది, కాదనను. ఆటోవాడు గుడి ముందునుంచి చుట్టూ తిప్పి ఎందుకు తీసుకెళ్తున్నాడు, బస్సులో పక్కన కూర్చున్నావిడ నాది ఏ ఊరని ఎందుకు అడుగుతోంది, పాలు నిన్నటికంటే పలచగా ఎందుకున్నాయి, ఇవన్నీ నాకు పట్టింపే. బళ్లో పాఠాలు చెప్పినన్నాళ్లూ ఈ గుణం బాగానే పనికొచ్చింది, పరీక్షలప్పుడు నా గదిలో కాపీ కొట్టడానికి ఎవడికీ ధైర్యం ఉండేది కాదు. అయితే ఇది నేను సొంతంగా తెచ్చుకున్న జబ్బు కాదు. మా పెదనాన్న దగ్గర్నుంచి వచ్చింది. ఆయనకి ఎక్కణ్నించి వచ్చిందయ్యా అంటే, ఒక రాజ్యం దగ్గర్నుంచి వచ్చింది. నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను.

మా ఊరు ఉన్నచోటే ఉంది, ఎక్కడికీ కదల్లేదు. దాని చుట్టూ ఎల్లలే తిరుగుతూ ఉంటాయి. మా తాత పుట్టినప్పుడు మాది విశాఖపట్నం జిల్లా, మద్రాసు వాళ్ల ఏలుబడి. నేను పుట్టేసరికి శ్రీకాకుళం జిల్లా. ఈమధ్య జిల్లాలు ముక్కలు చేసినప్పుడు గెడ్డ అవతలి ఊరు విజయనగరంలోకి పోయింది, మేం శ్రీకాకుళంలోనే మిగిలాం. గెడ్డలో నీళ్లు తాగే గేదెలకి ఏ జిల్లాలో ఉన్నదీ తెలీదు గాని, మనుషులు మాత్రం ఆ రోజు రెండు గట్ల మీదా నిలబడి ఒకళ్లనొకళ్లు అదోలా చూసుకున్నారని మా తమ్ముడు చెప్పాడు. చూసుకోవడం కొత్తేమీ కాదు. మా పెదనాన్న లెక్కలో గెడ్డ ఒడ్డున ఉన్న రాయి ఒక ఊరి పొలిమేర రాయి కానే కాదు, కళింగ రాజ్యంలో ఒక దేశపు సరిహద్దు. దానికి ఇవతల మనం, అవతల ఆలు. ఆలు మన రాజ్యంలో వేరే భాగం మనుషులు, అందుకనే ఆళ్ల బుద్ధి అలాగుంటాదని ఆయన తీర్పు.

ఆ రాయి గురించి చెప్పాలి. నల్లరాయి, నా నడుమెత్తు ఉంటుంది, కొంచెం మా ఊరి వైపు వాలి ఉంటుంది. దాని మీద ఒక సూర్యుడు, ఒక నెలవంక చెక్కి ఉన్నాయి. అక్షరం ముక్క లేదు. నేను చిన్నప్పుడు దాన్ని దణ్ణం పెట్టుకునే రాయనే అనుకున్నాను, ఎందుకంటే ఎప్పుడు చూసినా పసుపు పూసే ఉండేది. ఒకసారి చరిత్ర మాస్టారొకాయన ఆమదాలవలసలో రైలు దిగి, జట్కా కట్టించుకుని, గొడుగు వేసుకుని మరీ వచ్చాడు దాన్ని చూడ్డానికి. పెదనాన్న ఆయన్ని వదల్లేదు. మా అరుగు మీద కూచోబెట్టి తాటిముంజెలు పెట్టించి అన్నీ లాగాడు. పూర్వం ముఖలింగం వైపు రాజధాని ఉన్న రోజుల్లో కళింగాన్ని విషయాలుగా పంచుకుని ఏలేవారట. విషయం అంటే ఇప్పటి జిల్లా లాంటిది. మన దగ్గరున్న విషయాన్ని వరాహవర్తని అనేవారట. రాజులు ఊళ్లు దానం ఇచ్చేటప్పుడు ఎల్లలు ఇలా చెప్పేవారట, తూర్పున పుట్ట, ఆగ్నేయాన బండ, దక్షిణాన గండి, పడమట చింతచెట్ల వరస అని. సూర్యచంద్రులున్నంత కాలం ఈ ఎల్ల నిలవాలని రాయి మీద ఆ రెండూ చెక్కేవారట. పెదనాన్న నోరు తెరుచుకుని విన్నాడు. అయితే వరాహవర్తని సరిగ్గా ఈ రాయి దగ్గరే ఆగిందా అని అడిగితే మాస్టారు నీళ్లు నమిలాడు. ఎక్కడ ఆగిందో చదువుకున్నవాళ్లే ఒక్క మాట మీద లేరండీ, ఈ వైపుకి రానేలేదని కూడా కొందరంటారు, ఇది ఏదో చిన్న దానం తాలూకు రాయి కూడా కావచ్చు అన్నాడు.

అంతే, పెదనాన్న మొహం మారిపోయింది. మాస్టారు వెళ్లేటప్పుడు మాటల్లో పెట్టి ఆయన అత్తవారి ఊరు ఏదో కనుక్కున్నాడు. అది రాజాం దగ్గర, అంటే గెడ్డకి అవతలి వైపు. "అదీ సంగతి," అన్నాడు పెదనాన్న చెప్పులు విడుస్తూ. ఆ రోజునుంచీ వరాహవర్తని మాది. తమాషా ఏమిటంటే అవతలి ఊళ్లో కూడా ఎవరో ఈ మాట విన్నారు, వాళ్లూ వరాహవర్తని మాదే, రాయికి అవతల ఉన్నవాళ్లే బయటివాళ్లు అనడం మొదలెట్టారు. రెండూళ్లకీ లోపల ఉండటమే కావాలి, బయట ఉండటానికి ఎవరికీ ఇష్టం లేదు. రాజులు పోయి ఎన్ని వందల ఏళ్లయిందో నాకు తెలీదు గాని, ఆ పేరు మీద మా కాలంలో సంతలో రెండుసార్లు కొట్టుకున్నారు.

అసలు మా దగ్గర ఎల్లని గుర్తుపెట్టుకునేది రాళ్లతో కాదు, కాళ్లతో. అమ్మోరి పండగ చివర్రోజున పొలి చల్లుతారు. పొలి అంటే పసుపూ మేకపోతు రక్తమూ కలిపిన అన్నం. కొత్త తట్టలో పెట్టి, తెల్లవారుతుండగా ఒక మనిషి నెత్తికెత్తుకుని పొలిమేర పొడుగునా చల్లుకుంటూ పోతాడు. చుట్టూ మగాళ్లు కర్రలు పట్టుకుని నడుస్తారు. అవతలి ఊరివాళ్లు వాళ్ల గట్టు మీద వరసగా నిలబడి కాపలా కాస్తారు, ఎందుకంటే మన పొలి ఒక్క మెతుకు వాళ్ల నేల మీద పడినా మన ఊళ్లో రోగాలన్నీ వాళ్లకి పోతాయట. మనవాళ్లేమో వాళ్లు గుప్పెడు ఎత్తుకుపోతారేమోనని కాపలా, ఎత్తుకుపోతే మన పంట వాళ్లదవుతుందట. ఇలా ఒకళ్ల కళ్లు ఒకళ్ల చేతుల మీద, ఒకళ్ల కళ్లు ఒకళ్ల పాదాల మీద. ఆఖర్న తట్టని రాయి దగ్గర వదిలేసి, వెనక్కి చూడకుండా వచ్చేయాలి. పొలిమేరకిచ్చింది తిరిగి ఇంటికి తేకూడదు. అది ఇత్తడి చెంబైనా సరే, అక్కడ పెట్టావంటే అక్కడిదే. మా ఊళ్లో ఏ మనిషైనా మిగతా నియమాలు తప్పుతాడు గాని ఈ ఒక్కటీ తప్పడు.

ఆ నడకకి ముందు నడిచేది పెదనాన్నే. సన్నగా, పొడుగ్గా, భుజం మీద తువ్వాలు, మొలతాడుకి తాళంచెవులు. కళ్లు మూసుకుని కూడా ఎల్ల మీద నడవగలడని పేరు. ఒకసారి నేను రాయి దగ్గర నిలబడి, దీన్ని రాత్రికి రాత్రి ఎవడైనా పీకి అవతల పాతేస్తేనో అని అడిగాను. ఆయన నా వైపు మెచ్చుకోలుగా చూశాడు, వంశం నిలబెట్టిందన్నట్టు. పాతినోళ్లు తెలివితక్కువోళ్లు కాదన్నాడు. గొయ్యి తీసి అడుగున బొగ్గూ, ఊకా, కుండపెంకులూ పోసి దాని మీద రాయి నిలబెడతారట. "రాయిని మోసుకుపోవచ్చు, బొగ్గుని ఎవుడూ మోసుకుపోలేడు. అది కుళ్లదు, సెద పట్టదు," అన్నాడు. మరి అనుమానం వస్తే తవ్వి చూసుకోవచ్చు కదా అన్నాను. పొలిమేర రాయి కింద గునపం దింపినోడికి వంశం నిలవదన్నాడు. ఆయనకి అసలే పిల్లల్లేరు. అలాంటి మనిషికి ఆ భయమేమిటని నాకు అప్పుడు తోచలేదు.

ఇంక మా అత్త. నాన్నకి చెల్లెలు, పెదనాన్నకి ముద్దుల చెల్లెలు. ఆయనే ఎత్తుకుని పెంచాడట. ఆవిణ్ణి తీసుకెళ్లి ఎవరికిచ్చారంటే, ఆలకే. గెడ్డ అవతలికే. సంబంధం మంచిది, కుర్రాడు బుద్ధిమంతుడు, పిలిస్తే పలికే దూరం అని మా తాత ఇచ్చేశాడు. పెళ్లిలో పసుపుకుంకుమల కింద రాయిని ఆనుకుని, మా వైపున్న పొలం చెక్క ఒకటి రాసిచ్చారు. అందులో ఆవిడ నార కోసం గోగు వేసేది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. గెడ్డలో గోగు కట్టలు నానబెడుతూ అవతలి గట్టు నుంచి మా వీధిలో వాళ్లతో మాట్లాడేది. మా ఊళ్లో ఆవిణ్ణి ఆలింటి మనిషి అనేవారు. అక్కడేమో ఆలూరి ఆడపిల్ల అనేవారు. ఆవిడ వస్తే మా ఆడవాళ్లు పంట గురించి మాట్లాడటం ఆపేసేవారు, ఏదైనా అక్కడ చెబుతుందేమోనని. అక్కడా అంతేనని ఆవిడే నవ్వుతూ చెప్పేది. నాకు మాత్రం ప్రాణం ఆవిడంటే, ఇప్పుడు చెప్పడానికి సిగ్గేముంది.

నేను కొత్తగా టీచరుద్యోగంలో చేరిన ఏడు పెద్ద తుఫాను వచ్చింది. గెడ్డ పొంగి మా వీధి మొగదాకా నీళ్లొచ్చాయి. తగ్గాక చూస్తే పుట్టలు లేవు, ఒడ్డున తాటిచెట్లు లేవు, గట్లు లేవు, అంతా ఒక్కటే ఇసక. రాయి మాత్రం నిలబడి ఉంది. కానీ ఎక్కడుందీ? ఎప్పుడూ గెడ్డ పెదవి మీదుండే రాయి ఇప్పుడు గెడ్డకి చాలా దూరంగా, మా పొలాల లోపలికి వచ్చేసినట్టుంది. రాయికీ నీళ్లకీ మధ్య బోలెడు ఇసకనేల పరుచుకునుంది. రాయికి అవతలిది కనక అదంతా ఆలదే అవుతుంది. మా ఊరంతా అక్కడ చేరింది. అవతలివాళ్లు తమ గట్టు మీద నిలబడి, గెడ్డ మా భూమిని కోసుకుంటూ ఇటు జరిగింది, మీవాళ్లే పైన కట్ట వేసి తిప్పారు అని అరుస్తున్నారు. పెదనాన్న వాళ్ల మాట వినిపించుకోలేదు. రాయి చుట్టూ తిరిగి, చేత్తో తడిమి, "గెడ్డ దాని దారినే ఉన్నాది. రాయే నడిసింది," అన్నాడు. అందరూ ఔనన్నారు. ఆ రోజు అక్కడున్న అన్ని వందల కళ్లలో గెడ్డని అనుమానించిన కన్ను మా వైపు ఒక్కటీ లేదు.

రాయి నడిస్తే నడిపించిన మనిషి ఉండాలి కదా. నీళ్లు తీసిన మర్నాడే అత్త తన చెక్కలో గోగు ఏమైనా మిగిలిందేమో చూసుకోడానికి అత్తవారి ఎడ్లబండి కట్టించుకుని వచ్చిందట. తడిసిన కట్టలు నాలుగు వేసుకుని పోయిందట. బండి చక్రాల జాడ రాయి పక్కనుంచే ఉంది. ఇంకేం కావాలి? తాత ఉన్నా ముసలితనంతో పెత్తనం వదిలేశాడు, పెదనాన్నే అరుగు మీద కూచుని, చెల్లెల్ని పిలిపించి, ఊరి పెద్దల ముందు అడిగాడు. ఆవిడ మొదట నవ్వింది, వేళాకోళం అనుకుంది. తర్వాత ఏడ్చింది. అమ్మోరి మీద ఒట్టేసింది. "నా సేతుల్లో పెరిగినదానివి, నీ మొగుడోళ్ల రాజ్యం కోసం నా గీత సెరుపుతావా," అన్నాడు పెదనాన్న. మా నాన్న నోరు తెరవలేదు. ఆయన అన్నగారి ముందు ఎప్పుడూ తెరిచింది లేదు. ఆ చెక్క దున్నడానికి వీల్లేదని, ఆవిడ ఈ గడప తొక్కడానికి వీల్లేదని అక్కడే తేల్చేశారు. ఆ చెక్క అప్పట్నుంచీ బీడు.

దాని వెనకే రెండో దెబ్బ. మా నాన్నమ్మకి ఇత్తడి కుంకుమభరిణె ఒకటి ఉండేది, మూత మీద నెమలి. ఆవిడ అడ్డపొగ తాగేది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, ఒక పక్కనుంచి పొగ వదులుతూనే, ఈ భరిణె నా కూతురికేనని అందరితోనూ చెబుతూ ఉండేది. ఆ వేసవిలో ఆవిడకి జ్వరమొస్తే, పెదనాన్న పొలానికెళ్లిన వేళ చూసి అత్త దొడ్డిదారిన వచ్చి తల్లిని చూసుకుని పోయింది. వారం తిరక్కుండా భరిణె మాయం. పెట్టెలో ఉండాల్సింది, పెట్టెకి తాళం వేసే ఉంది. ఇల్లంతా గాలించారు. చివరికి అందరి చూపులూ గెడ్డ వైపు తిరిగాయి. తనకివ్వాల్సిందే కదా, తొందరపడి తీసుకుపోయుంటుంది అన్నారు కొంచెం జాలిగా, ఆ జాలి ఇంకా పాపిష్టిది. పెదనాన్న ఒక్క మాట అనలేదు. చుట్ట కాల్చుకుంటూ వీధిలోకి చూస్తూ కూచున్నాడు. అంత కోపంలోనూ చెల్లెల్ని దొంగ అనలేదు, పెద్దమనిషి అని నేను అనుకున్నాను. పెట్టె తాళంచెవి ఆయన మొలతాడునే ఉండేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు, అనుమానంలో ఇంతటి మొనగాళ్లమై ఉండి కూడా.

ఆ తర్వాత పెదనాన్నలో ఏదో మార్పు వచ్చింది. పండగల్లో ముందు నడిచేవాడు గాని, రాయి దగ్గరికి వచ్చేసరికి వాదన పెట్టుకునేవాడు కాదు. మనవాళ్లు రాయి జరిగిందని అరుస్తుంటే ఈయన తువ్వాలుతో మెడ తుడుచుకునేవాడు. వరాహవర్తని మాట ఆయన నోట మళ్లీ వినలేదు. నాకు అవతలి ఊరి బడికి బదిలీ అయింది, రోజూ గెడ్డ దాటి వెళ్లేదాన్ని. పనసకాయలు దిగిన రోజున మొదటి కాయ నా చేతికిచ్చి, అక్కడ అరుగు మీద పెట్టేసి రా అనేవాడు. ఎవరింటి అరుగో చెప్పేవాడు కాదు. ఎవరు పంపారంటే ఏం చెప్పనని అడిగితే, "ఏటీ సెప్పకు," అనేవాడు. తిరిగొచ్చాక మాత్రం, తలుపు తీసే ఉందా, ఎవరైనా మంచం మీదున్నారా, దగ్గు వినిపించిందా అని అడిగేవాడు. అక్కడి గుట్టు లాగడానికి నన్ను వాడుకుంటున్నాడని నా ఘనమైన అనుమానం. అత్త ఆ కాయ తీసుకునేది, ఎవరిదని నన్ను అడిగేది కాదు. చేతికి నూనె రాసుకుని కోస్తూ, తొనలు సగం నా సంచీలో వేసేది.

ఆయన పోయినప్పుడు అత్త వచ్చింది. అరుగు కింద, వీధిలోనే నిలబడింది. లోపలికి రమ్మనడానికి ఎవరికీ నోరు రాలేదు, రావద్దని ఆయనన్న మాట ఆయనే వెనక్కి తీసుకోవాలి కదా, ఆయనేమో పోయాడు. శవాన్ని తీసుకెళ్తుంటే ఆవిడ గట్టు దాకా వెనకాలే నడిచి, అక్కణ్నించి తన ఊరికి తిరిగిపోయింది. చాన్నాళ్లయింది. కానీ ఆ రోజు ఆవిడ నడిచిన తీరు తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఊరి మీద ఒళ్లు మండుతుంది.

సరే, బస్సు దిగి పొలం చేరేసరికి రెండు ఊళ్లూ అక్కడే ఉన్నాయి, పొలి చల్లే రోజు లాగే ఇటు ఒక వరస, అటు ఒక వరస. కర్రల బదులు సెల్‌ఫోన్లు, ఒకళ్లనొకళ్లు వీడియోలు తీసుకుంటున్నారు. మధ్యలో సర్వే అమ్మాయి, టోపీ పెట్టుకుని, ట్యాబ్ పట్టుకుని. పాయింటు ఈ పాతరాయి దగ్గరే చూపిస్తోందండీ, దీన్ని తీసి ఇక్కడే కొత్తది పాతేస్తాం అంది. మా తమ్ముడు ఊరుకుంటాడా? రాయే జరిగింది, జరిగిన రాయిని చూసి పైనున్న శాటిలైటు కూడా మోసపోయిందన్నాడు. అవతలి వరసలోంచి కేకలు లేచాయి. ఆ పిల్ల బిక్కమొహం వేసుకుని నా వైపు చూసింది, నా కళ్లజోడు చూసి టీచరునని కనిపెట్టినట్టుంది.

అప్పుడొచ్చింది అత్త. కొడుకు స్కూటరు మీద వెనక కూచుని, గొడుగు మూసి చంకలో పెట్టుకుని. ఆ కొడుకు, మా బావ, గరివిడి ఫ్యాక్టరీలో చేసి రిటైరై ఊళ్లోనే ఉంటున్నాడు. ఎనభై దాటిన మనిషి, ఇంకా చిన్నదైపోయింది, గొంతు మాత్రం తగ్గలేదు. రాయి దగ్గరికి తిన్నగా వచ్చి దాని మీద చెయ్యి వేసి నిలబడింది. తుఫాను తర్వాత ఆవిడ దాన్ని ముట్టుకోవడం అదే మొదలు. "తవ్వండి," అంది. రెండు వరసలూ ఒకడుగు వెనక్కి వేశాయి. "కింద బొగ్గుంటాదని మా నాన్న సెప్పేడు. ఉంటే రాయి కదల్లేదు. నేకపోతే నేను దొంగని, ఒప్పుకుంటాను. నాకేటి భయం, వంశం ఉండీ నన్నెవుడు ఉద్ధరించేడు, తవ్వండి."

బావ ఇది విని తల దించుకున్నాడు. రాళ్లు తీయడానికి సర్వేవాళ్లు తెచ్చిన జేసీబీ కుర్రాడు ఎక్కడి వాడో, సంగతేమిటని ఎవర్నో అడిగి, శాపం మాట వినగానే బండి దిగిపోయి దూరంగా చెట్టు కిందికి పోయాడు. చివరికి మా తమ్ముడు ఒక పక్కనుంచి, బావ ఒక పక్కనుంచి గునపాలు పట్టుకున్నారు. ఒక్కడే తవ్వితే బొగ్గు తనే వేశాడని రెండోవాడంటాడు, అందుకని ఇద్దరూ. నేను అత్త పక్కన నిలబడ్డాను. నిజం చెప్పొద్దూ, నాకు భయమేసింది. ఆవిడ మాట మీద నమ్మకం లేక కాదు. పెదనాన్న చెప్పిన బొగ్గు కథే ఉత్తిదైతే? ఈ వయసులో ఇంతమంది ముందు ఆవిడ మళ్లీ దొంగైపోతుంది. ఇన్నేళ్లూ ఎవరూ రుజువు చేయని దాన్ని ఆవిడే కోరి రుజువు చేయించుకుంటోంది.

ఎర్రమట్టి వచ్చింది, ఇసక వచ్చింది. రాయి మొదలు అనుకున్నదానికంటే లోతు, పైనున్నదానిలో సగం మట్టిలోపలే ఉంది. దానికి తాడు కట్టి పక్కకి వాల్చారు. ఇంకొంచెం తీసేసరికి తమ్ముడి గునపం కింద మట్టి నల్లగా పొడైంది. బావ వంగి చేత్తో తీశాడు. బొగ్గు. కుండపెంకులు. నిన్ననే పొయ్యిలోంచి తీసినట్టు నల్లగా, చేతికి అంటుకుంటూ. అవతలి వరసలో ఎవరో ఈల వేశారు. ఇవతలి వరస ఫోన్లు దించేసింది. మా తమ్ముడు గునపం కింద పెట్టి అత్త వైపు చూడలేక గెడ్డ వైపు చూశాడు. మా ఊళ్లో ఎవరైనా గెడ్డని అలా పరీక్షగా చూడటం అదే మొదటిసారి అనుకుంటాను.

"ఇదేటి," అన్నాడు బావ. బొగ్గు మీద, మా ఊరి వైపున్న మూల, ఎవరో చేత్తో చదును చేసి పెట్టినట్టు, ఆకుపచ్చగా చిలుం పట్టిన చిన్న వస్తువు. అత్త చెయ్యి చాపింది. కొంగుతో తుడిచింది. మూత మీద నెమలి బయటికొచ్చింది.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది, ఆవిడకి పట్టలేదు. ఆ పెట్టె తాళంచెవి ఒక్కడి దగ్గరే ఉండేది. ఈ బొగ్గు సంగతి తెలిసి, వంశం గురించి బెంగ లేనివాడు ఊళ్లో ఒక్కడే. చెల్లెలి ఒట్టు నమ్మనూ లేక, తోసెయ్యనూ లేక, ఎవరూ లేని వేళ చూసి ఆయనే వచ్చి మన వైపు పక్కనుంచి తవ్వుకున్నాడు. పొలిమేర తల్లికి తప్పు చెల్లించుకోడానికి ఇంట్లో పెద్దముత్తైదువు కుంకుమ కావాలి, అడిగితే ఎందుకంటుంది, అందుకని భరిణెతో సహా పట్టుకొచ్చాడు. బొగ్గు చూశాడు. చూసి, భరిణె అక్కడ పెట్టాడు. పెట్టింది తిరిగి తేకూడదు. ఆ నియమం మాత్రం తప్పలేదు మహానుభావుడు. ఇంటికొచ్చి, చెల్లెలు దొంగ కాదని తెలిసీ, భరిణె తనే తీశాడని తెలిసీ, అరుగు మీద చుట్ట కాల్చుకుంటూ కూచున్నాడు. అంత పెద్ద ఎల్ల మీద కళ్లు మూసుకుని నడిచే మనిషికి గెడ్డ దాటి ఒక్క మాట చెప్పడానికి కాళ్లు రాలేదు. పనసకాయలు పంపాడట, పనసకాయలు!

నేను ఊరుకోలేకపోయాను. తెలిసీ చెప్పలేదత్తా, తెలిసీ నిన్ను వీధిలో నిలబెట్టాడు అని గట్టిగానే అన్నాను, పోయినవాణ్ణి అనకూడదన్న ఇంగితం కూడా లేకుండా. ఆవిడ భరిణె వైపే చూస్తోంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"తెలిసింది కదే," అంది. "నేను దొంగనని అనుకుంటూనే సచ్చిపోయేడనుకున్నాను ఇన్నాళ్లూ. అనుకోనేదు."

తమ్ముడు వచ్చి, లోపలికి రా అత్తా, ఇంటికి పోదాం, ఆ భరిణె నీదే అన్నాడు. భరిణె మాటకి ఆవిడ తల అడ్డంగా ఊపింది. పొలిమేరకిచ్చింది ఇంటికి తేకూడదని వాడికి గుర్తు చేసి, వంగలేక వంగి, మా ఇద్దరి చేతులూ పట్టుకుని, దాన్ని ఎక్కడుందో అక్కడే బొగ్గు మీద పెట్టింది. సర్వే అమ్మాయి ఏమీ అడక్కుండా పక్కకి తప్పుకుంది. దాని మీద కొత్తరాయి దింపారు. పాతరాయి ఎవరి వైపు పడేయాలన్న దాని మీద మళ్లీ రెండు ఊళ్లకీ కాసేపు అయింది. ఒకళ్లకిస్తే రెండోవాళ్లు ఒప్పుకోరు కనక, చివరికి కొత్తదాని పక్కనే, కొంచెం వాలుగానే, దాన్నీ నిలబెట్టారు. అత్త ఆ రోజు మా గడప తొక్కింది, మజ్జిగ తాగింది, గోడ మీదున్న పెదనాన్న ఫొటోకి దుమ్ము పట్టిందని మా మరదల్ని కేకలేసింది.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూచుని వస్తుంటే, ఆ రాయి పాతినవాళ్లే గుర్తొచ్చారు. సూర్యచంద్రులున్నంత కాలం నిలవాలని చెక్కించుకున్నారు, వాళ్ల రాజ్యం ఎక్కడిదాకా ఉండేదో ఇవాళ చెప్పగలిగినవాళ్లే లేరు. అన్న మనసులో తను ఎల్లకి ఇవతలే ఉండిపోయిందని తెలుసుకోడానికి మా అత్తకి మాత్రం ఒక జీవితకాలం చాలింది.